వీరకథా సంపుటములు – తారతమ్య విచారము

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల గ్రామములందు పిల్లలకు కథాపుస్తకములు కొని యిచ్చు పెద్దలకు నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. బొమ్మలతో గూడిన వీరకథల సంపుటములను గూర్చి మనలో రెండు తెగలవారు కలరు. ఒక కథ బాగుండినచో పుస్తకమంతయు మంచిదనువారు కొందరు. ఒక కథ చెడినచో పుస్తకమునే అటకపై వేయించువారు కొందరు. ఈ రెండును సరియైన త్రోవలు కావు.

సంపుటమనగా పెక్కు కథల కూడిక. కూడికయందు హెచ్చుతగ్గులు సహజములు. ఇది క్రొత్తగా వచ్చిన దోషము కాదు. కొఱవి గోపరాజు రచించిన సింహాసన ద్వాత్రింశికను చూడుడు. భోజరాజు సింహాసన మెక్కబోవగా ముప్పదిరెండు సాలభంజికలు విక్రమార్కుని సాహసౌదార్యములను చెప్పి యడ్డగించును. నాయకుడొక్కడే, కవియు నొక్కడే; అయినను ఆ కథలన్నియు సమానముగా రుచింపవు.

1947 జూలైలో మద్రాసున నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ప్రారంభించిన చందమామ నేడు వెలువడుట లేదు గాని, మనలో పెక్కుమంది దానిని చదివి పెరిగినవారమే. బేతాళుని మూలకథలు ఇరువదియైదే. అవి ముగిసిన పిమ్మట ఆ పత్రిక క్రొత్త కథలు కల్పించి దశాబ్దముల తరబడి నడపెను. శవమును భుజమున వేసికొని, కత్తి చేబూని నడచు విక్రమార్కుని శంకర్ గారు చిత్రించిన బొమ్మ మారలేదు. చిక్కుప్రశ్నలోని పదును మాత్రము నెలనెలకు మారుచుండెను. ఒక నెల రాజు సమాధానము విని పెద్దలు సైతము తల యూచెడివారు. మరియొక నెల సమాధానమును ముందే యేర్పరచుకొని, దానికొఱకు కథను వంచినట్లుండెడిది. నెల తిరుగునప్పటికి పుటలు నిండవలెను గదా! పండకమున్నే కోసిన చేనికి గింజ తాలుగా నుండుట వింత కాదు.

అమెరికా దేశమందును ఇట్లే జరిగెను. 1938 జూన్ సంచికగా వెలువడిన ‘యాక్షన్ కామిక్స్’ అను బొమ్మల సంపుటమున, జెర్రీ సీగెల్ వ్రాయగా జో షుస్టర్ చిత్రించిన సూపర్‌మ్యాన్ అను మహాబలుని కథతోబాటు మరి కొన్ని కథలుండెను. లోకము ఆ మహాబలుని జ్ఞప్తియం దుంచుకొన్నది. తక్కినవారిలో పెక్కుండ్రను మరచినది. అయితే ఓటమి యెరుగని వాని కథలో ఉత్కంఠ యెట్లు నిలుచును? వాని బలమును హరించు శిల యొకటి తరువాత కల్పింపబడెను. అది మొదట వినబడినది 1943లో రేడియో నాటకమునందు. బొమ్మల పుస్తకమునకు వచ్చినది 1949లో.

కథకు ప్రాణము బలము కాదు, బలమునకు గల హద్దు. ఈ మాటకు నిదర్శనము మనకు దూరమున లేదు. ఆళ్లగడ్డకు చేరువనున్న అహోబిలమునకు బోయిన ప్రతివాడును నరసింహుని కథ నెరుగును. హిరణ్యకశిపుని వరమున పగలును రేయియు, లోపలయు వెలుపలయు, నేలయు నింగియు, నరుడును మృగమును, ఆయుధములును అన్నియు నిషిద్ధములే. స్వామి ఆ వరమును త్రోసివేయలేదు. సంధ్యవేళ, గడపపై, తొడపై నుంచుకొని, గోళ్లతో చీల్చెను. ప్రతి షరతును మన్నించి గెలిచెను గనుకనే ఆ కథ నేటికిని నిలిచినది. ఆపద వచ్చినప్పుడెల్ల అంతకుముందు వినని మంత్రమొకటి నాయకునకు స్ఫురించినచో, ఆ కథలో ఆపదయే లేదు.

ఇది వినోదమునకు సంబంధించిన మాట మాత్రమే కాదు. మాయచేతనే గెలుపు దొరకునని నేర్చిన పిల్లవాడు చదువునందును, సేద్యమునందును ఆ మాయకే యెదురుచూచును. హద్దులెరిగి గెలుచు నాయకుని చూచినవాడు తన హద్దులలో నుపాయము వెదకును.

కావున పెద్దలు చేయవలసినదేమి? శిల్పకళకు పేరొందిన ఆళ్లగడ్డ మనది. శిల్పి రాతిని మ్రోగించి, నాదము విని యెన్నుకొనును. ఒక రాయి పలుకలేదని గనిని పూడ్పించడు. అట్లే, పుస్తకమును పిల్లవాని చేతికిచ్చుటకు ముందు మీరు చదువుడు. మంచి కథలకు విషయసూచికలో గురుతు పెట్టుడు. చెడ్డ కథను దాచవలదు, దానిని చదివించి, “ఇది యెక్కడ తప్పినది నాయనా?” అని యడుగుడు. ఆ ప్రశ్నకు బదులు చెప్పగలిగిన నాడు వానికి కథలనేగాక, మనుష్యుల మాటలను సైతము తూచుట యలవడును.