తుంగను గుర్తించుట

పెరటి మడిలో సన్నని ఆకుతో మొలచినదానినెల్ల గడ్డి యనుట మన వాడుక. అందు కొంత గడ్డి కాదు, తుంగ. ఆ భేదము కంటికి దొరకకున్నను వ్రేళ్లకు దొరకును. ఇది వినువారికి పెరడున్నచో రేపటి ఉదయమే ఒక పూతకాడను త్రుంచి, రెండు వ్రేళ్ల నడుమ దొర్లించి చూడుడు. గడ్డికాడ గుండ్రముగా దొర్లును, కణుపులు తగులును. తుంగకాడకు కణుపులుండవు, మూడంచులు వ్రేళ్లకు తగిలి దానిని దొర్లనీయవు. ఆకులును మూడు వరుసలుగా వెడలును.

తుంగలన్నియు నొక్కటి కావు. చాపలల్లు తుంగ చెఱువుల యంచులను మూరలకొలది పెరుగును. కొల్లేటిలోని జమ్ము అసలు తుంగయే కాదు. దాని కాడ గుండ్రన, కొనయందు గోధుమరంగు కండె. మేము చెప్పదలచినది ముస్తతుంగ. 1753లో లిన్నేయస్ దీనికి సైపెరస్ రోటండస్ అని పేరిడెను. జానెడు మొదలు మూరెడు వఱకు పెరిగి, ఎఱుపు గలసిన గోధుమరంగు పూత పూయును. మెట్టచేలు, తోటలు, గట్లు, బాటల ప్రక్కలు దీని యునికిపట్లు. నీరు నిలిచిన మడిలో దీని జోరు తగ్గును.

రూఢిగా తెలియవలెనన్న మట్టి త్రవ్వవలెను. సన్నని తీగెలతో గొలుసుకట్టుగా నల్లని దుంపలు కనబడును. గోట గీరినచో లోపల తెల్లగా నుండి, కమ్మని వాసన వేయును. సున్నిపిండిలోను, కషాయములలోను వేయు తుంగముస్తలివియే. కాళిదాసు శాకుంతలములో అడవిపందులు మడుగులయందు పెల్లగించునవియు ముస్తలే. పందులకు తెలిసినపాటి మాకు తెలియలేదు!

ఒక యేడు మిరపమడిలో దీనిని గడ్డియే యనుకొని, వాన వెలిసినప్పుడెల్ల పైకాడ పట్టి పెఱికితిమి. కాడ చేతికి వచ్చెడిది. దుంప మట్టిలో నిలిచెడిది. వారము తిరుగకుండ మడి మరల పచ్చబడెడిది. విసిగి పారతో తిరుగవేయగా, గొలుసు తెగి విడివడిన దుంపలు వేఱువేఱుగా మొలకెత్తినవి. ఆ యేటి మిరపపండ్లు ఇంటి పచ్చడికైన చాలలేదు. 1977లో వెలువడిన ప్రపంచపు కలుపుమొక్కల గ్రంథమొకటి దీనికే మొదటి స్థానమిచ్చెనని తరువాత చదివి, కొంత ఊరట చెందితిమి.

ఇప్పుడు ఎండలు ముదిరిన పిమ్మట మడిని లోతుగా త్రవ్వి, గొలుసు వెంబడి పోయి దుంపలేరి, రోజులతరబడి ఎండబోయుచున్నాము. ఎండకు బాగుగా వడలిన దుంప మొలవదు. ఏరుటలో కొన్ని తప్పిపోవును. మరుసటి వేసవికి మరల పార పట్టవలసినదే. ఎండినవానిలో కొన్నిటిని మా యింటివారు సున్నిపిండికై తీసికొనుచున్నారు.