ఆస్పత్రి బిల్లులో బస్తీ సంఘం వాటా ఎంత?

విలువ ఆధారిత చెల్లింపుల పద్ధతిలో ఆస్పత్రులతో కలిసి పనిచేయడానికి సామాజిక సంస్థలను సన్నద్ధం చేయడం ఎలా అన్నది నాకిచ్చిన అంశం. పేరు పెద్దది. లోపల ఉన్నవి మాత్రం రెండే ప్రశ్నలు. డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్తుంది? నష్టం వస్తే ఎవరు భరిస్తారు?

ముందు ఆ మాట సంగతి చూద్దాం. ఆస్పత్రికి సాధారణంగా చేసిన పనిని బట్టి డబ్బు వస్తుంది. స్కాన్‌కు ఇంత, ఆపరేషన్‌కు ఇంత, బెడ్‌కు రోజుకు ఇంత. రోగి బాగుపడ్డాడా లేదా అన్నదానితో బిల్లుకు సంబంధం లేదు. విలువ ఆధారిత చెల్లింపు దీన్ని తలకిందులు చేయాలని చూస్తుంది. రోగులు ఆరోగ్యంగా ఉండి, మళ్లీ మళ్లీ అడ్మిట్ కాకుండా ఉంటే మిగిలిన ఖర్చులో ఆస్పత్రికి వాటా ఇస్తారు. అలా జరగకపోతే కోత పెడతారు. అమెరికాలో 2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టం తర్వాత ఈ పద్ధతి ఊపందుకుంది.

సామాజిక సంస్థతో పని పడేది ఇక్కడే. షుగర్ ఉన్న మనిషికి ఇన్సులిన్ రాసిస్తే సరిపోదు. వేళకు తిండి ఉండాలి, ఇన్సులిన్ పెట్టుకోవడానికి ఫ్రిజ్ ఉండాలి, ఆ ఫ్రిజ్‌కు కరెంటు ఉండాలి, చెకప్‌కు రావడానికి బండి దొరకాలి. ఇవేవీ డాక్టర్ చేతిలో లేవు. ఫుడ్ బ్యాంకులు నడిపేవాళ్లకు, అద్దె ఇళ్లవాళ్ల సంఘాలకు, వీధిలో అందరి గుమ్మాలూ తెలిసిన ఆడవాళ్లకు ఆ పని తెలుసు.

ఇది అమెరికాలోనూ కొత్త కాదు. మిసిసిపీ రాష్ట్రంలో మౌండ్ బయూ అని ఒక ఊరు ఉంది. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి ప్రజలు 1887లో కట్టుకున్న ఊరు. 1960ల్లో డాక్టర్ జాక్ గైగర్, కమ్యూనిటీ ఆర్గనైజర్ జాన్ హాచ్, వాళ్ల సహచరులు అక్కడ ఒక ఆరోగ్య కేంద్రం నడిపారు. పోషకాహారం లేక జబ్బుపడిన పిల్లలకు డాక్టర్లు మందుల చీటీ మీద తిండి సరుకులు రాసేవారు. కిరాణా కొట్లవాళ్లు ఆ చీటీ చూసి సరుకులిచ్చి, బిల్లు క్లినిక్ మందుల పద్దుకు పంపేవారు. మందుల డబ్బుతో తిండి కొనడమేమిటని నిధులిచ్చే అధికారులు అభ్యంతరం పెట్టారు. పోషకాహార లోపానికి మందు తిండేనని గైగర్ జవాబిచ్చాడు. ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అప్పుడది ఒక మంచి డాక్టర్ కథగా మిగిలిపోతుంది. తర్వాత జరిగింది నాకు ఇంకా ముఖ్యం. అక్కడి పేద కుటుంబాలు వ్యవసాయ సహకార సంఘం పెట్టుకుని, ఆ పత్తి నేలల్లో తమ తిండి తామే పండించుకున్నాయి.

1972లో మన దళిత పాంథర్లు ఎవరి పేరు స్ఫూర్తిగా తీసుకున్నారో ఆ బ్లాక్ పాంథర్లు కూడా ఉచిత క్లినిక్‌లు నడిపారు, సికిల్ సెల్ పరీక్షలు చేశారు. అంటే సంఘాలు ఆరోగ్యం పని చేయడం పాతదే. ఆ పనికి బీమా సంస్థ బిల్లు కడతాననడం కొత్త.

దాన్ని పెద్ద ఎత్తున చేసి చూసింది నార్త్ కరోలినా. పేదల ప్రభుత్వ బీమా అయిన మెడికెయిడ్ కింద ‘హెల్దీ ఆపర్చునిటీస్ పైలట్స్’ అనే ప్రయోగానికి 2018లో కేంద్రం అనుమతి ఇచ్చింది. 65 కోట్ల డాలర్ల వరకు ఖర్చు పెట్టొచ్చు. కోవిడ్ వల్ల ఆలస్యమై 2022 మార్చిలో సేవలు మొదలయ్యాయి. 33 కౌంటీలు, ఎక్కువ భాగం పల్లెలు. తిండి, ఇల్లు, రవాణా, ఇంట్లో హింస నుంచి రక్షణ వంటి విషయాల్లో 29 రకాల సేవలకు ధరల పట్టిక తయారుచేశారు. కూరగాయల పెట్టె ఇంటికి చేరిస్తే ఇంత అని, ఆపరేషన్‌కు ఉన్నట్టే రేటు కట్టారు.

చిన్న సంస్థలు నేరుగా బీమా కంపెనీతో బేరమాడే పని లేకుండా ప్రతి ప్రాంతానికి ఒక నెట్‌వర్క్ లీడ్‌ను పెట్టారు. ఒప్పందాలు, శిక్షణ, బిల్లుల పరిశీలన దాని బాధ్యత. కేవలం సన్నద్ధత కోసం, అంటే సిబ్బంది, సాఫ్ట్‌వేర్, శిక్షణ కోసం 10 కోట్ల డాలర్ల వరకు పక్కన పెట్టారు. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి. మన దగ్గర సంఘాలకు సామర్థ్యం లేదని ప్రతి రిపోర్టూ రాస్తుంది. సామర్థ్యం డబ్బుతో వస్తుందని, ఆ డబ్బు కొనేవాడు పెట్టాలని రాసేవాళ్లు తక్కువ.

ఫలితం వచ్చింది. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలోని షెప్స్ సెంటర్ చేసిన మూల్యాంకనంలో ఒక్కో లబ్ధిదారుకు వైద్య ఖర్చు నెలకు సుమారు 85 డాలర్లు తగ్గినట్టు తేలింది. ఎమర్జెన్సీకి పరుగెత్తడం కూడా తగ్గింది. విలువ ఆధారిత చెల్లింపు సమర్థకులు అడిగే రుజువు ఇదే కదా.

అయినా 2025 జూలై 1న సేవలు ఆగిపోయాయి. రాష్ట్ర శాసనసభ బడ్జెట్‌లో డబ్బు ఇవ్వలేదు. పథకాన్ని నమ్ముకుని వ్యాన్ కొన్న సంస్థ వాయిదాలు ఎవరు కట్టాలి? చిన్న రైతుకు ఇచ్చిన కొనుగోలు మాట ఏమవ్వాలి? ఆస్పత్రికి ఇంకా పది రకాల ఆదాయాలు ఉంటాయి. బీమా కంపెనీ సంగతి చెప్పక్కర్లేదు. విలువను నిరూపించిన వాళ్లే గాలిలో మిగిలారు. సన్నద్ధత అంటే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం అనుకుంటే ఈ ప్రమాదం కనిపించదు.

ఇంకో ప్రమాదం కొలతలో ఉంది. డిశ్చార్జ్ అయిన రోగులు 30 రోజుల్లో మళ్లీ అడ్మిట్ అయితే ఆస్పత్రికి జరిమానా వేసే పథకం మెడికేర్‌లో 2012 అక్టోబర్‌లో వచ్చింది. దెబ్బ ఎక్కువగా పేదలకు వైద్యం చేసే ఆస్పత్రుల మీద పడింది. వాళ్ల రోగులు తిరిగి వెళ్లేది తిండి సరిగా లేని ఇళ్లకే కదా! 2016లో చట్టం మార్చాల్సి వచ్చింది. ఎక్కువమంది పేద రోగులున్న ఆస్పత్రిని అలాంటి ఆస్పత్రులతోనే పోల్చాలన్నారు. అది 2019 ఆర్థిక సంవత్సరం నుంచి అమలైంది. ఈలోగా పోయిన డబ్బు పోయింది.

ఇదంతా మనకెందుకు? ఆరోగ్యశ్రీ 2007 నుంచీ, పీఎంజేఏవై 2018 నుంచీ ప్యాకేజీ రేట్ల మీద నడుస్తున్నాయి. పీఎంజేఏవై ఆస్పత్రులకు ఎన్ని కేసులు చేశారన్నదాన్ని బట్టి కాకుండా విలువను బట్టి గ్రేడ్లు ఇస్తామని 2023 జనవరిలో నేషనల్ హెల్త్ అథారిటీ ప్రకటించింది. ఐదు సూచికలు: లబ్ధిదారుల సంతృప్తి, మళ్లీ అడ్మిట్ అయ్యే రేటు, రోగి జేబు నుంచి పెట్టిన ఖర్చు, రుజువైన ఫిర్యాదులు, రోగి జీవన నాణ్యతలో మెరుగుదల. మంచి సూచికలే, కాదనను. కానీ ఆ ఐదింటిలో దేన్నీ కులం వారీగా విడదీసి చూడాలన్న షరతు కనిపించదు. పారిశుద్ధ్య పని చేసే మనిషి ఊపిరితిత్తుల జబ్బుతో అడ్మిట్ అయి, డిశ్చార్జ్ అయ్యాక అదే డ్రైనేజీ పనికి వెళ్తే మళ్లీ అడ్మిట్ అవుతాడు. రేపు ఆ సూచికకు డబ్బు ముడిపెడితే అతను ఆస్పత్రికి నష్టం తెచ్చే రోగి అవుతాడు. అలాంటి రోగిని మర్యాదగా పక్క ఆస్పత్రికి పంపే ఉపాయాలు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ రోజు ఆస్పత్రులు మన సంఘాల దగ్గరకు వస్తాయి. ఫీల్డ్‌వర్క్‌లో నేను తిరిగిన ఒక బస్తీలో మహిళా సంఘం సభ్యులు బాలింతలను, టీబీ రోగులను ఆస్పత్రికి తీసుకెళ్తారు. ఆటో డబ్బు వాళ్లదే, పోయిన కూలీ వాళ్లదే. ఏ పుస్తకంలోనూ రాసుకోరు. రేపు ఎవరైనా వచ్చి ఒక్కో రోగికి ఎంత తీసుకుంటారని అడిగితే, అసలు ఖర్చెంతో తెలియక వాళ్లు చెప్పే అంకె తమనే ముంచుతుంది. అందుకే నా దృష్టిలో మొదటి సన్నద్ధత ఖర్చు రాసుకోవడం. ఆటో, ఫోన్, ఎదురుచూసిన గంటలు, అన్నీ. సేవ అనే మాట ఇక్కడ మనల్ని బాగా మోసం చేస్తుంది. మనవాళ్ల శ్రమను ఉచితంగా తీసుకోవడం ఈ దేశానికి అలవాటే.

ఒప్పందంలో చూడాల్సినవి కూడా అక్కడి నుంచే వస్తాయి. కొంత డబ్బు ముందే రావాలి, ఎందుకంటే ఫలితం తేలేదాకా ఆగే స్తోమత సంఘానికి లేదు. రోగి మళ్లీ అడ్మిట్ అయితే కోత సంఘం మీద పడకూడదు. పథకం ఆపేస్తే ఎన్ని నెలల ముందు చెప్పాలో, అప్పటిదాకా జీతాలు ఎవరివో రాసి ఉండాలి. బస్తీ ఇళ్ల వివరాలు, జబ్బుల వివరాలు ఆస్పత్రికి ఎంతవరకు ఇవ్వాలో సంఘం, ఆ ఇళ్లవాళ్లు కలిసి తేల్చుకోవాలి. హెచ్ఐవీ, టీబీ పేర్లు వీధిలో బయటపడితే ఏం జరుగుతుందో మనకు తెలుసు. ఇవి ఒక్క సంఘం అడిగితే, ఇంకో సంఘం ఉందిలే అంటారు. జిల్లాలోని సంఘాలన్నీ ఒకే సమాఖ్యగా ఒకే రేటు చెప్పాలి. నార్త్ కరోలినాలో నెట్‌వర్క్ లీడ్‌ను ప్రభుత్వం ఎంపిక చేసింది. మన దగ్గర ఆ కుర్చీ సంఘాల చేతిలోనే ఉండాలని నేను అంటాను. దీనితో ఒప్పుకోని మిత్రులు ఈ హాల్లోనే ఉన్నారని తెలుసు.

సోషల్ వర్క్, కామర్స్, లా చదువుతున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఒక సంఘం ఒక నెల ఖర్చు లెక్క రాయడానికి రెండు ఆదివారాలు చాలు. లెక్క రాయడానికి నేను వాడే ఫారం ప్రతులు వెనక బల్ల మీద పెట్టాను, తీసుకోండి. సమాఖ్య విషయంలో నాతో వాదన ఉన్నవాళ్లు ముందు అడగండి.