ముక్కలైన తీరిక



"ఇంట్లో ఉండేదానివి, నీకేం, కావలసినంత తీరిక!" అనే మాట వినని ఇల్లాలు ఉండదు. ఈ తీరికను ప్రభుత్వం వారు లెక్కకట్టారు కూడా. 2024లో దేశమంతటా కొన్ని ఇళ్ళు ఎంచుకుని, తెల్లవారుజామున 4 గంటలు మొదలు మర్నాడు 4 గంటలదాకా ఎవరేం చేశారో అరగంట చొప్పున రాసుకున్నారు. ఆరేళ్ళు, ఆపైన వయసువాళ్ళలో ఇంటిపనికి చెయ్యి సాయం పట్టిన మగవాళ్ళకు అందులో రోజుకు 88 నిమిషాలు గడిచాయి, ఆడవాళ్ళకు 289. ఇందులో మనకు వింతేం లేదు. కాలక్షేపానికి మాత్రం మగవాళ్ళకు 177 నిమిషాలు, మనకు 164 అట. తేడా 13 నిమిషాలే!

ఈ లెక్క మీవారి కంటబడితే "చూశావా?" అనక మానరు. మరి ఆ 164 నిమిషాలూ మనకు ఒక్కచోట దొరుకుతాయా? పాలు పొంగేలోగా ఐదు, కుక్కరు కూత పెట్టేలోగా పది, పనిమనిషి వచ్చేలోగా పావుగంట. పోపులడబ్బాలో చిల్లర దాచుకుంటే ఎప్పటికో ఒక చీర వస్తుంది. నిమిషాలను అలా దాచుకోలేం కదా!

అందుకే మన కాలక్షేపాలన్నీ ఎక్కడపడితే అక్కడ వదిలేయడానికి వీలైనవే. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ రేడియో వింటాం, బట్టలు మడతపెడుతూ టీవీ చూస్తాం. ఆడవాళ్ళకు సీరియళ్ళ పిచ్చి అని వెక్కిరించేవారు ఆ చేతుల్లో ఏముందో కాస్త చూడాలి.

వీణ సంగతి తీసుకోండి. పెళ్ళిచూపుల్లో అడిగి మరీ వాయించమంటారు. తరవాత అది గుడ్డ కప్పుకుని బీరువా మీదికి ఎక్కుతుంది. వాయించే తంత్రులు నాలుగూ, తాళపు తంత్రులు మూడూ శ్రుతి కలిపేసరికే ఆ దొరికిన పావుగంట కాస్తా అయిపోతుంది.

"మిక్సీలూ వాషింగ్ మెషీన్లూ వచ్చాయిగా" అంటారు. జోయాన్ వానెక్ అనే ఆవిడ 1974లో అమెరికా లెక్కలు బయటపెట్టింది. అక్కడ ఉద్యోగం చెయ్యని ఇల్లాలికి 1920లలో వారానికి సుమారు 52 గంటలు ఇంటిపని ఉంటే, యంత్రాలన్నీ వచ్చాక, 1960లలో, 55 అయిందట! నమ్మశక్యంగా లేదా? రుబ్బురోలు రోజుల్లో ఇడ్లీ అంటే ఆదివారం ముచ్చట. గ్రైండరు వచ్చింది, ఇడ్లీ రోజూ కావాలి. పైగా రెండు రకాల చట్నీ!

కాబట్టి ఇంట్లోవాళ్ళను పది నిమిషాలూ పావుగంటా అడక్కండి. వారానికి రెండు రోజులైనా సాయంత్రం ఒక నిండు గంట అడగండి. ఆ గంటలో కాఫీ వాళ్ళే కలుపుకోవాలి, కాలింగ్ బెల్ మోగితే తలుపు వాళ్ళే తియ్యాలి. ఇది ముందే తేల్చుకోండి. ఇక వీణ దించి చూస్తే తంత్రులు తుప్పుపట్టి ఉంటాయి. కొత్తవి వేయించండి. మొదట్లో సరళీ స్వరాలు కూడా తడబడతాయి, వేళ్ళు మండుతాయి. పక్కగదిలోంచి "ఇంకా ఎంతసేపు?" అని కేక వినిపిస్తే, గడియారం చూసి, మిగిలిన నిమిషాలెన్నో చెప్పండి.