పంట డబ్బులో ముందు మన వాటా పక్కకు పోవాలి

(మండల రైతు సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో పొదుపు గురించి మాట్లాడతామని తెలియగానే కొందరు మిత్రులు మమ్మల్ని నిలదీశారు. "గిట్టుబాటు ధర లేదు, నష్టపరిహారం రాలేదు, మీరొచ్చి మాకు పొదుపు నేర్పుతారా? మేమేమైనా దుబారా చేసి అప్పుల పాలయ్యామా?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. రైతు అప్పుల పాలైంది ఖర్చు పెట్టడం చేతకాక కాదు, పెట్టిన ఖర్చు తిరిగి రాక. ఖర్చుకు సగం కలిపి మద్దతు ధర ఇవ్వాలని స్వామినాథన్ కమిషన్ 2006లోనే చెప్పింది. ఆ డిమాండు విషయంలో మనం వెనక్కి తగ్గేది లేదు.

అయినా ఈ మాట ఎందుకంటే, మృగశిర కార్తెకు చేతిలో పది వేలు కూడా లేని రైతు షావుకారు గుమ్మం తొక్కక తప్పదు. తొక్కాక, పంట కల్లంలో ఉండగానే అప్పిచ్చినవాడికే, వాడు చెప్పిన ధరకే తూచి ఇవ్వక తప్పదు. అప్పుడు మద్దతు ధర ఎంత ప్రకటించినా మనకు దక్కదు. నాలుగు వారాలు పంటను ఆపుకోగలిగే శక్తి రావాలంటే చేతిలో కొంత సొంత డబ్బు ఉండాలి.

ఒక చిన్న లెక్క చూద్దాం. విత్తనాలకు, ఎరువులకు, మందులకు 40,000 రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చామనుకోండి. ఆరు నెలలకు వడ్డీయే 7,200. అందులో పది వేలు మన సొంతానివైతే వడ్డీ 5,400కు దిగుతుంది. అంటే ఆ పది వేలు ఒక్క కారులో 1,800 మిగిల్చాయి. అదే పది వేలను బ్యాంకు పొదుపు ఖాతాలో ఉంచితే ఆరు నెలలకు వచ్చేది నూట యాభై కూడా దాటదు. అందుకే మా మాట ఒకటే. మూడు రూపాయల అప్పు నెత్తిన ఉండగా పెద్ద పొదుపులు వద్దు. ఆసుపత్రికి అక్కరకొచ్చే కొద్ది మొత్తం పక్కన పెట్టుకుని, మిగిలింది ఆ అప్పుకే కట్టండి. బ్యాంకు పంట రుణాన్ని మాత్రం గడువులోగా రెన్యువల్ చేయించుకోండి. మూడు లక్షల దాకా ఏడు శాతం వడ్డీ, సకాలంలో కడితే మూడు శాతం రాయితీ పోను నాలుగు. అంత చవకైన అప్పు మనకు ఇంకెక్కడా దొరకదు.

ఇక పక్కన పెట్టడం ఎలా? ఉద్యోగస్తులకు చెప్పే సలహా మనందరం విన్నదే. జీతం పడిన ఒకటో తారీఖునే కొంత మొత్తం దానంతటదే పొదుపు ఖాతాలోకి వెళ్లేలా బ్యాంకులో రాసిచ్చేయమంటారు. మంచి సలహానే. చేతికొచ్చిన డబ్బులోంచి తీసి దాచడం ఎవరికైనా కష్టం, చేతికి రాకముందే పక్కకు పోతే దాని ఊసే మరిచిపోతాం. కానీ మనకు ఒకటో తారీఖు లేదు. ఏడాదికి రెండుసార్లు డబ్బు పడుతుంది, మిగిలిన నెలలు ఖాతా ఎండిన బావిలా ఉంటుంది. నెలనెలా కోత పెట్టించుకుంటే మూడో నెలకే డబ్బు చాలక, కొన్ని బ్యాంకులు దానికి జరిమానా వేసి, జరిమానా మీద జీఎస్టీ కూడా లాగుతాయి. పొదుపు చేయబోయి దండుగ కట్టినట్టవుతుంది.

కాబట్టి కోత తేదీ మన రాబడిని బట్టి ఉండాలి. ధాన్యం డబ్బు ఖాతాలో పడే నెల ఏదో మనకు తెలుసు. ఆ నెలలో ఒకేసారి ఐదు వేలు వేరే ఖాతాకు వెళ్లేలా రాసివ్వండి. బ్యాంకు వాళ్లు దీన్ని స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. ఆరు నెలలకోసారి వెళ్లేలా కుదురుతుందా అని అడగండి. డబ్బు పడటం ఆలస్యమయ్యే అలవాటు మన కొనుగోలు కేంద్రాలకు ఉంది కదా, తేదీని నెలా పదిహేను రోజులు వెనక్కి జరిపి పెట్టుకోవడం మంచిది.

పాడి ఉన్న ఇళ్లకు ఈ బాధ తక్కువ. పదిహేను రోజులకో పాల బిల్లు వస్తుంది. అక్కడ నెలనెలా కట్టే పద్ధతి బాగా పనిచేస్తుంది. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలకు వంద రూపాయలతోనే మొదలవుతుంది, ఐదేళ్ల గడువు. 2023 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన 6.7 శాతం వడ్డీ లెక్కన నెలకు 500 కడితే, 30,000 కట్టినందుకు సుమారు 35,680 చేతికొస్తుంది. ఒక నెల తప్పితే వందకు రూపాయి చొప్పున జరిమానా. వరుసగా కొన్ని నెలలు తప్పితే ఖాతా ఆగిపోతుంది. ఏడాది సక్రమంగా కట్టాక అందులో సగం దాకా అప్పు తీసుకోవచ్చు.

పంట రుణం ఉన్న బ్యాంకులోనే పొదుపు కూడా పెట్టొద్దని మా సలహా. బాకీ గడువు మీరితే ఆ డబ్బును రుణానికి జమ కట్టుకుంటామని బ్యాంకులు అంటాయి. రైతుబంధు డబ్బును పాత బాకీలకు పట్టుకున్నారని రైతులు బ్యాంకుల ముందు కూర్చున్న రోజులు మనం చూశాం. పొదుపు పోస్టాఫీసులోనో మరో బ్యాంకులోనో, వీలైతే ఇంటి ఆడవాళ్ల పేరు మీద ఉంటే నయం. ఎక్కువ వడ్డీ ఇస్తామని ఇంటికొచ్చి వసూలు చేసే కంపెనీల జోలికి పోవద్దని అగ్రిగోల్డ్ తర్వాత వేరే చెప్పనక్కర్లేదు. బ్యాంకులో ఒక మనిషి డిపాజిట్‌కు ఐదు లక్షల దాకా బీమా ఉంది. మన ప్రాథమిక సహకార సొసైటీల్లో పెట్టిన డిపాజిట్‌కు ఆ బీమా లేదు, అది కూడా గుర్తుంచుకోండి.

దానంతటదే పోయే డబ్బు మనకు తెలిసి పోవాలి. మన సభ్యుడొకరు పీఎం కిసాన్ రెండు వేలు తీసుకుందామని బ్యాంకుకు వెళితే ఖాతాలో పదిహేను వందలే ఉన్నాయి. ఏదో పాలసీ కింద కట్ అయిందన్నారు. సంతకం ఎప్పుడు పెట్టాడో అతనికి గుర్తులేదు, అప్పు కాగితాలతో పాటు పెట్టించుకున్నారేమో. సంఘం తరఫున నలుగురం వెళ్లి రాతపూర్వకంగా అడిగాక కోత ఆపారు, పోయినవి మాత్రం ఇంకా రాలేదు. పీఎం సురక్ష 20 రూపాయలు, జీవన్ జ్యోతి 436 రూపాయలు వేరు సంగతి, అవి మంచివే. ఒక్కోదానికి రెండు లక్షల బీమా. చిక్కల్లా అవి మే నెలాఖరులో కట్ అవుతాయి, సరిగ్గా సాగు పనులకు మనం ఖాతా ఊడ్చేసే రోజుల్లో. ఆ పూట 456 రూపాయలు లేక బీమా రద్దయి, తర్వాత మనిషి పోతే ఆ ఇంటికి ఏమీ రాదు. మే మూడో వారంలో ఐదు వందలు ఖాతాలో వదలండి.

పింఛను సంగతి. 2019లో వచ్చిన కిసాన్ మాన్‌ధన్‌లో ఐదెకరాల లోపు రైతు 18 నుంచి 40 ఏళ్ల మధ్య చేరవచ్చు. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు, కేంద్రం అంతే కలుపుతుంది. మనం ఒప్పుకుంటే పీఎం కిసాన్ డబ్బులోంచే పట్టుకుంటారు. అరవై దాటాక నెలకు 3,000. ముప్పై ఏళ్ల తర్వాత మూడు వేలకు ఎన్ని కిలోల బియ్యం వస్తాయో ఎవరు చెప్పగలరు? పింఛను ధరలతో పాటు పెరగాలని మనం అడుగుతూనే ఉండాలి. అటల్ పెన్షన్‌లో అయితే ఆరు నెలలకోసారి కట్టే వీలుంది, మన రాబడికి అది కుదురుతుంది.

కౌలు రైతుల దగ్గరకొచ్చేసరికి మేము చెప్పిన సగం మాటలు పనికిరావు. పట్టా లేక పీఎం కిసాన్ లేదు, ధాన్యం డబ్బు చాలాచోట్ల భూయజమాని ఖాతాలో పడుతుంది. ఇక్కడ నిజంగా నడిచేది ఆడవాళ్ల పొదుపు సంఘమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత ఆ జిల్లా మహిళలు రోజుకో రూపాయి దాచడం మొదలుపెట్టారు. బ్యాంకు యంత్రం లేకపోయినా సంఘం సమావేశం రోజు తప్పకుండా డబ్బు పక్కకు పోయేది. మొన్నటిదాకా సారా కొట్టుకు పోయిన రూపాయే అది. కౌలు ఇళ్లలో ఆ సంఘాన్ని కాపాడుకోవాలి, గుర్తింపు కార్డుల కోసం పోరాటం దానికి తోడుగా నడవాలి.

వచ్చే నెల మొదటి ఆదివారం సంఘం కార్యాలయానికి పాస్‌బుక్‌లు తెచ్చుకోండి, ముందురోజే ఎంట్రీలు వేయించి మరీ. గత ఆరు నెలల్లో ఏ తేదీన ఎంత, దేనికి కట్ అయిందో కూర్చుని చూద్దాం. అడగకుండా కోసినవాటికి ఒకటే అర్జీ రాసి అందరి సంతకాలతో మేనేజరుకు ఇద్దాం. స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ కాగితం నింపడం రాని వాళ్లకు మన యువకులిద్దరు అక్కడే నింపిపెడతారు.