చీకట్లో కన్నీళ్ళు - వెలుగులో కులం

(వాడ యువజనుల సభలో చేసిన ఉపన్యాస పాఠం)



సినిమా గురించి మాట్లాడమన్నారు. ఉద్యమానికి సినిమాతో ఏం పని అని కొందరు పెద్దలు అడుగుతున్నారు. పని ఉంది.

సినిమా హాల్లో ఒక వింత జరుగుతుంది. ముక్కూ మొహం తెలియని మనిషి తెరమీద ఏడిస్తే మనకీ ఏడుపొస్తుంది. పక్క సీటు వాడెవడో తెలీదు, వాడూ కళ్ళు తుడుచుకుంటాడు. ఇది చూసి కొందరు మేధావులు కళ మనుషుల్ని కలుపుతుంది, కులాన్ని కరిగిస్తుంది అంటున్నారు.

మేము అడుగుతున్నాం: మరి చుండూరులో ఎందుకు కరగలేదు?

నేలా, బెంచీ, కుర్చీ అని టిక్కెట్లున్న రోజుల్లో మనవాళ్ళు నేలమీదే కూచున్నారు. తెర ఒక్కటే, కూచునే చోటు వేరు. నాలుగు అక్షరాలొచ్చి, చేతిలో నాలుగు డబ్బులాడి, కుర్చీ టిక్కెట్టు కొన్నాక తంటా వచ్చింది. 1991 జూలైలో చుండూరు సినిమా హాల్లో, డిగ్రీ చదివిన ఒక దళిత యువకుడి కాలు అగ్రకులం వాడికి తగిలింది. కాలు తగిలితే ఏమవుతుంది? పొరపాటయిందంటే సరిపోతుంది. కానీ అతన్ని కొట్టారు. ఆనక పల్లెమీద సాంఘిక బహిష్కరణ పెట్టారు. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలువల్లో పడేశారు. తెరమీది మనిషికి ఏడ్చే కళ్ళు, పక్క సీటు మనిషి కాలిని సహించలేకపోయాయి.

అసలు తెర మనకోసం ఏడిపించిందా అంటే, ఏడిపించింది. 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశాడు. చలం కథ, కాంచనమాల నాయిక. ఆ రోజుల్లో అది సాహసమే, కాదనం. కానీ ఆ కథలో శాస్త్రిగారి మనసు ఎప్పుడు మారుతుంది? ఆయన భార్య మంటల్లో చిక్కుకుంటే హరిజనుడు కాపాడినప్పుడు. అంటే మనం మనుషులమని ఒప్పుకోడానికి మనం అగ్గిలో దూకాలన్నమాట! మంచివాడైతేనే, ఋణం పెడితేనే, చస్తేనే మనకు కన్నీళ్ళు దక్కుతాయి. అది జాలి. జాలిపడేవాడు ఎప్పుడూ పై మెట్టుమీదే ఉంటాడు.

ఇంకో తీరు చూడండి. 2021లో జ్ఞానవేల్ తీసిన తమిళ సినిమా ‘జై భీమ్’ తెలుగులో కూడా వచ్చింది. 1993లో తమిళనాడులో జరిగిన లాకప్ చావు దానికి ఆధారం. అందులో ఇరుళ గిరిజన స్త్రీ, నిండు చూలాలు, మొగుడికోసం కోర్టుకెక్కుతుంది. ఆమెకు ఏమీ కాని లాయరు తోడు నిలబడతాడు. లాయరునే దేవుణ్ణి చేశారని విమర్శ ఉంది, అదీ ఆలోచించాల్సిందే. కానీ రాజీపడితే డబ్బిస్తామంటే వద్దన్నది ఆ తల్లే గదా! ఆఖరున ఆమె కూతురు లాయరుకు ఎదురుగా కుర్చీలో కూచుంటుంది. పేపరు తీసుకుంటుంది. కాలు మీద కాలు వెయ్యబోయి జంకుతుంది. వేసుకో అని ఆయన సైగ చేస్తే వేసుకుంటుంది.

చుండూరులో కాలు తగిలినందుకు దెబ్బలు, పీనుగులు. ఇక్కడ ఆడపిల్ల కాలు మీద కాలు వేసుకుంటే చూసేవాళ్ళకి సంతోషం. ఈ రెంటి మధ్య దూరమే మనం నడవాల్సిన దారి.

కన్నీటికి విలువ లేదని మేము అనడం లేదు. కానీ చీకట్లో కార్చిన కన్నీరు వెలుగులోకి రావాలి. చుండూరు కేసుకు ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించడానికి ఎంత పోరాడాల్సి వచ్చింది! 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. సినిమా చూసి ఏడ్చే పెద్దమనుషులారా, సాక్ష్యం చెప్పడానికి బోనెక్కుతారా? మీ ఇల్లు మాకు అద్దెకిస్తారా? టీకొట్టులో మాకు వేరే గ్లాసు పెడితే మీరు టీ తాగకుండా లేచొస్తారా?

మనల్ని మనమూ అడుక్కోవాలి. మాదిగ తల్లి కడుపుకోతకు మాలపల్లె ఏడుస్తుందా? మాల పిల్లాడి కష్టానికి మాదిగవాడ కదులుతుందా? తెరమీద ఆడమనిషిని కొడితే పళ్ళు కొరికే మన మగవాళ్ళు ఇంటికొచ్చి ఏం చేస్తున్నారు?

ఇప్పుడు సినిమా సెల్లులోకి వచ్చింది. ఎవరి మూలన వాళ్ళు చూసి, ఎవరి ఏడుపు వాళ్ళు ఏడుస్తున్నారు. వాడ నడిమధ్యన గుడ్డ కట్టి అందరం కలిసి చూద్దాం. ఊళ్ళోవాళ్ళనూ పిలుద్దాం, పక్కనే కూచోబెట్టుకుందాం. సినిమా అయిపోగానే లైట్లేసి, ఎవరూ లేవకముందే మాట్లాడుకుందాం.

లైట్లేశాక కూడా మన పక్కన కూచున్నవాడే మనవాడు.

జై భీమ్!