ఇంటర్ అయిన పిల్లను ఇంట్లో కూర్చోబెట్టొద్దు



అందరూ పనుల్లోంచి వచ్చారు. మిరప కోతకు పోయి వచ్చినవాళ్ళున్నారు. పొగాకు గ్రేడింగు నుంచి వచ్చినవాళ్ళున్నారు. పాకల చేపల గంప దించి వచ్చినవాళ్ళూ ఉన్నారు. అందుకని పెద్ద ఉపన్యాసం లేదు. ఒకటే సంగతి. ఇంటర్ పాసైన పిల్లను డిగ్రీలో చేర్చాలి. డబ్బు ఎట్లా?

సింగరాయకొండలో ఒక తల్లి ఉందనుకోండి. కూతురు ఇంటర్ పాసైంది. మంచి మార్కులు వచ్చాయి.

“ఇంక చాల్లే. పెళ్ళి చేద్దాం. కాలేజీ ఫీజు మన వల్ల కాదు” అన్నాడు తండ్రి.

“ఫీజు ఎంతో కనుక్కున్నావా?” అని అడిగింది తల్లి.

కనుక్కోలేదు. చాలా ఇళ్ళల్లో జరిగేది ఇదే. అడగకముందే భయపడతారు.

పేదరికం కొత్తది కాదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు మీకు తెలుసు. ఈ జిల్లాకు ఆయన పేరే పెట్టారు. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి సుబ్బమ్మ పిల్లల్ని తీసుకుని ఒంగోలు వచ్చింది. అక్కడ పూటకూళ్ళ ఇల్లు పెట్టింది. పదిమందికి వండి పెట్టి, వడ్డించి, ఆ డబ్బుతో కొడుకును చదివించింది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మాస్టారు తోడు నిలిచారు. రాజమండ్రి తీసుకుపోయి పైచదువు చదివించారు. ఆ పిల్లవాడే 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. సుబ్బమ్మకు సర్కారు నుంచి ఒక్క కానీ రాలేదు. ఆ రోజుల్లో ఆడపిల్ల కోసం ఎవరూ పూటకూళ్ళ ఇల్లు పెట్టలేదు. అదీ నిజమే.

అంబేద్కర్ గారు కూడా 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే అమెరికా వెళ్ళి చదివారు. అయితే రాజుగారి దయ అందరికీ దొరకదు గదా! అందుకే చట్టం, పథకం కావాల్సి వచ్చింది. 1944లో ఎస్సీ విద్యార్థుల పైచదువులకు ప్రభుత్వ స్కాలర్‌షిప్ మొదలైంది. తర్వాత ఎస్టీలకూ ఇచ్చారు. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంటును బీసీలకూ, మిగతా పేదలకూ పెద్ద ఎత్తున అమలు చేసింది.

రీయింబర్స్‌మెంటు. నోరు తిరగని మాట. అర్థం చిన్నదే. పిల్ల ఫీజు సర్కారు కడుతుంది.

పథకం పేర్లు మారతాయి. 2019లో దీన్ని జగనన్న విద్యాదీవెన అన్నారు. డబ్బు తల్లి ఖాతాలో వేశారు. తల్లి దాన్ని కాలేజీకి కట్టాలి. 2024లో ప్రభుత్వం మారింది. డబ్బు నేరుగా కాలేజీకే ఇస్తామన్నారు. అందుకని పక్కింటామె మాట విని ఊరుకోవద్దు. ఈ ఏడు పద్ధతి ఏమిటో గ్రామ సచివాలయంలో అడగండి.

మళ్ళీ ఆ తల్లి దగ్గరకు వద్దాం. ఆమె కూతురితో కలిసి సచివాలయానికి పోయింది. ఏమేం కావాలో రాసుకు వచ్చింది. ఆధార్, రేషన్ కార్డు, కుల పత్రం, ఆదాయ పత్రం, పదో తరగతి మార్కుల కాగితం, కాలేజీ ఇచ్చిన టీసీ, బ్యాంకు పాస్‌బుక్.

ఇంటికొచ్చి దీపం దగ్గర అన్నీ పరిచింది. ఒక్కొక్కటే చదివింది. కూడబలుక్కుని చదివింది. ఆధార్‌లో కూతురి ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది. మార్కుల కాగితంలో పూర్తిగా ఉంది. పుట్టిన తేదీలో ఒక అంకె తేడా ఉంది.

“అమ్మా, ఇన్నాళ్ళూ నేను చూడలేదే!” అంది కూతురు.

ఇంటర్ చదివిన పిల్ల చూడలేదు. నిన్నగాక మొన్న అక్షరాలు నేర్చిన తల్లి చూసింది. పేరు తేడా ఉంటే దరఖాస్తు ఆగిపోతుంది. ఆగిందని ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు. అడ్మిషన్లకు ముందే ఆధార్ సరిచేయించుకోవాలి.

డిగ్రీ సీట్లకు 2020 నుంచి ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెడుతున్నారు. సెల్‌ఫోన్‌లో పెట్టొచ్చు. నెట్ సెంటర్లో పెట్టొచ్చు. ఒకటి గుర్తుంచుకోండి. మేనేజ్‌మెంటు కోటా సీటు తీసుకుంటే సర్కారు ఫీజు కట్టదు. కన్వీనర్ సీటే తీసుకోవాలి. “ఏ సీటైతే ఏమమ్మా, చేరండి” అని ఎవరైనా తొందరపెడితే సంతకం చేయొద్దు. కాగితం ఇంటికి తెచ్చుకుని చదవండి.

సంతకం అంటే గుర్తొచ్చింది. వేలిముద్ర మానడానికే గదా అందరూ పలక పట్టింది! సచివాలయంలో మిషను మళ్ళీ వేలే అడుగుతుంది. చిన్నబోవద్దు. అది మనిషిని గుర్తుపట్టడానికి. చదువు రాదని కాదు. వేలు పెట్టేముందు దేనికో అడిగి పెట్టండి.

చేదు సంగతి కూడా చెప్పాలి. సర్కారు డబ్బు చాలాసార్లు ఆలస్యంగా వస్తుంది. అప్పుడు కొన్ని కాలేజీలు ముందు మీరు కట్టండి అంటాయి. హాల్‌టికెట్ ఆపుతామంటాయి. తల్లులు చెవికమ్మలు తాకట్టు పెట్టిన ఇళ్ళున్నాయి. ఇది పిల్ల తప్పు కాదు, తల్లి తప్పూ కాదు. కట్టాల్సి వస్తే రసీదు లేకుండా రూపాయి ఇవ్వొద్దు. పిల్ల అసలు సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదు. 2018లో యూజీసీ ఈ మాట స్పష్టంగా చెప్పింది. ఈ గొడవ వద్దనుకుంటే ముందు ప్రభుత్వ కాలేజీ చూడండి. అక్కడ ఫీజు తక్కువ. ఒంగోలులో ఆడపిల్లలకు ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. కందుకూరులోనూ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది.

పిల్ల రోజూ కాలేజీకి పోవాలి. నూటికి డెబ్బై ఐదు రోజులు హాజరు లేకపోతే సాయం ఆగుతుంది. కోతలకు మనిషి చాలలేదని పిల్లను ఆపితే ఆ లెక్కే దెబ్బతింటుంది.

ఒంగోలు దాదాపు 30 కిలోమీటర్లు. ఛార్జీలు ఎట్లా అంటారా? సింగరాయకొండలో రైలు స్టేషనుంది గదా! డిగ్రీ దాకా చదివే ఆడపిల్లలకు రైలు నెల పాసు ఉచితమని 2008-09 రైల్వే బడ్జెట్‌లో ప్రకటించారు. కాలేజీ ఇచ్చే కాగితం తీసుకుని స్టేషన్ కౌంటర్లో అడగండి. ఆర్టీసీలో విద్యార్థి పాసు ఉంది.

రేపు కేంద్రానికి వచ్చేటప్పుడు పిల్ల ఆధార్ కార్డూ, పదో తరగతి మార్కుల కాగితమూ తెచ్చుకోండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. తెలుగులో ఉన్నది మీరే చదవండి. ఇంగ్లీషులో ఉన్నది పిల్ల చేత చదివించండి.