ఒకే అక్షరాలు, వేరు పుట్టుకలు



స్వీడన్, డెన్మార్క్, నార్వే భాషలలో 'బార్న్' అనగా బిడ్డ. వేల్స్ భాషలో అవే అక్షరాల 'బార్న్'కు తీర్పు, అభిప్రాయం అని అర్థం. ఇది కెల్టిక్ శాఖకు చెందిన మాట, ఉత్తరాది నుండి తెచ్చుకున్న అరువు కాదు. ఇంగ్లీషులో 'బార్న్' ధాన్యపు కొట్టు. 'యవల ఇల్లు' అనే ప్రాచీన సమాసం అరిగి అట్లు మిగిలినది.

స్కాండినేవియా పదానికి మూలం 'మోయు' అనే ధాతువు. తల్లి మోసినది బిడ్డ. సంస్కృతంలో ఆ ధాతువే 'భృ'. తెలుగువారు నిత్యం పలికే భారం, భరణం, భర్త దాని సంతానమే. పోలిక ఉన్నచోట చుట్టరికం లేకపోవచ్చు; దూరాన ఉన్నది బంధువు కావచ్చు.

ఇంట ఒక భాష, వీధిలో మరొక భాష వినే పిల్లవాడు మాటకు వేరే అర్థం చెప్పినప్పుడు తప్పని కొట్టివేయరాదు. అది ఏ భాషలో ఒప్పో ముందుగా విచారించాలి. బిడ్డపై తీర్పు ఆ తరువాతనే.